ఆనవాలు – గురుతు – జ్ఞాపకము

మన సంఘమువారు వెలువరించు ఇట్టి పుస్తకమును మనమందఱమును "సావనీరు" అని పిలుచుచున్నాము. వ్యాసము లడుగు కార్యదర్శియు ఆ మాటనే వాడును. ప్రకటన లిచ్చు వర్తకుడును ఆ మాటనే వాడును. ఆంగ్లము ద్వారా మనకు చేరినను అది పుట్టుకచేత ఫ్రెంచి మాట. ఆ భాషలో అది మొదట వస్తువు పేరు కాదు, ఒక క్రియ. "జ్ఞప్తికి వచ్చుట" అని దాని యర్థము. కాలక్రమమున జ్ఞప్తికి తెచ్చు వస్తువునకును అదియే పేరైనది. యాత్రకు పోయినవారు తెచ్చుకొను శంఖము మొదలు ఉద్యోగవిరమణనాడు సహోద్యోగులు బహూకరించు గోడగడియారము వఱకు అన్నియు సావనీరులే.

మఱి మన తెలుగువారు అట్టి వస్తువును ఏమని పిలిచిరి? ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని స్వస్థలము విడిచి, బదిలీ యుత్తరువుల వెంట ఊరూరు తిరిగి, తుదకు ఈ ద్వారకలో కుదురుకొన్న మనవంటివారికి ఇది ఇంటి ప్రశ్న. మన పెట్టెలలో ఏమి తెచ్చుకొంటిమి, ఏమి విడిచి వచ్చితిమి, విడిచినదానిని దేనితో పట్టి నిలుపుకొందుము అను చింత ఇందులో నున్నది. కావున ఆ మాటల చరిత్రను కొంచెము తడవి చూతము.

మొదట "గురుతు" అను మాటను తీసికొందము. పొలముగట్టున పాతిన రాయి గురుతు. పశువు ఒంటిమీది వాత గురుతు. చాకలి బట్టయంచున వేసిన నల్లని చుక్క గురుతు. ఈ గురుతులన్నియు కంటికి కనిపించునవి, చేతికి తగులునవి. అయినను "ఆ మాట నాకు గురుతున్నది" అని మనము నిత్యము అనుచున్నాము. అచ్చట రాయియు లేదు, చుక్కయు లేదు; మనసులోని స్మృతి మాత్రమే యున్నది. బయట నున్న చిహ్నము పేరే లోపల నున్న స్మరణకు పేరైనది.

"జ్ఞాపకము" కథయు ఇట్టిదే. సంస్కృతమున జ్ఞాపక మనగా తెలియజేయునది. సూత్రములోని ఒక చిన్న పదమును బట్టి సూత్రకారుని యభిప్రాయమును ఊహించునపుడు ఆ పదమును వైయాకరణులు జ్ఞాపక మందురు. అనగా అది కూడ ఒక యానవాలే. తెలుగున ఆ మాట తెలియజేయు వస్తువును విడిచి తెలిసిన స్మృతికే నామమైనది. ఇటీవల సభలయందు శాలువతోపాటు బహూకరించు వస్తువునకు "జ్ఞాపిక" అను పేరు వాడుకలోనికి వచ్చినది. మాట మనసులోనికి పోయి, మరల వేషము మార్చుకొని వస్తువుమీదికి వచ్చిన దన్నమాట!

ఇక "ఆనవాలు". పోయిన వస్తువు దొరికినదని ఎవరైన చెప్పినచో, "ఆనవాలు చెప్పి తీసికొనిపొమ్ము" అందురు. ఆనవాలు పోల్చుకొనుటకు ఆధారము, నిజమునకు సాక్ష్యము. దస్తావేజులు చూచినవారికి పరిచితమైన మఱియొక మాట "నిశాని". వ్రాలు చేయనేరని వాని వ్రేలిముద్రకు మన ఊళ్లలో ఆ పేరు. అదే మాట ఈ ఢిల్లీ నగరమున ప్రియమైనవారు ఇచ్చిపోయిన వస్తువునకు పేరు. మన పిల్లలు "నాయనమ్మ నిశానీ" అని హిందీలో అనునపుడు అది ప్రేమచిహ్నము. మన తాతలకు అది రిజిస్ట్రారు కచేరిలోని సిరామరక. అయినను రెంటియందును భావ మొక్కటే: మనిషి అక్కడ లేకున్నను, వాడు ఉండెననుటకు ఇది సాక్ష్యము.

ఈ మాటలను మన కథలే పెంచినవి. రామాయణమున హనుమంతుడు లంకకు పోవునపుడు రాముడు తన యుంగరము నిచ్చెను. అశోకవనమున సీత దానిని చూచి నమ్మెను. తిరుగ తన చూడామణి నిచ్చెను. రంగనాథ రామాయణము మొదలు మొల్ల రామాయణము వఱకు మన కవులందఱును ఈ ఘట్టమును మక్కువతో చెప్పిరి. హరికథలు విని పెరిగిన నిరక్షరాస్యురాలైన అవ్వకు సైతము ఆనవా లనగానే ఆ యుంగరమే స్ఫురించును. ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. ఉంగరమొక్కటే చాలలేదు. హనుమంతుడు చెట్టుపై నుండి ముందు రామకథను పలికెను. పిదపనే ఉంగరమును చూపెను. సీతయు చూడామణి నిచ్చుటతో ఊరకుండక తమ యిద్దఱకే తెలిసిన కాకాసుర వృత్తాంతమును గూడ చెప్పి పంపెను. వస్తువునకు మాట తోడైననే అది ఆనవాలగును.

శకుంతల కథ ఇంకను చిత్రమైనది. కాళిదాసు నాటకమునకు అభిజ్ఞానమే పేరు. ఉంగరము నీట జాఱగా రాజునకు స్మృతియు జాఱినది. చేపకడుపున ఉంగరము దొరకగా స్మృతియు దొరకినది. కాని మన ఆదికవి నన్నయ రాజమహేంద్రవరమున వ్యాసభారతము ననుసరించి చెప్పిన శకుంతలోపాఖ్యానమున ఉంగరము ప్రసక్తియే లేదు. అచ్చట దుష్యంతుని సభలో నిలిచిన శకుంతల చేత నెట్టి వస్తువును లేదు. ఉన్నది సత్యవాక్యము, దానికి సాక్షిగా అశరీరవాణి. 15వ శతాబ్దిలో పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు శృంగార శాకుంతలమున ఈ రెండు సంప్రదాయములను కలిపి చెప్పెను. ఒక కథలో వస్తువు స్మృతిని కాపాడినది. మఱియొక కథలో వస్తువు లేనిచోట వాక్కే కాపాడినది. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొనవలెనని ప్రార్థన. దీనితో మరల పని కలదు.

కావ్యములను విడిచి రాళ్లను చూతము. కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయలో క్రీ. శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకులు విజయపురి రాజధానిగా ఏలిరి. చనిపోయినవారి పేర అచ్చట స్తంభములు నాటి, వారి రూపములను చెక్కి, ప్రాకృతమున నాలుగు పంక్తులు వ్రాయించిరి. ఆ శాసనములలో వానికి "ఛాయాస్తంభము" అని పేరు. నీడ నిలిపిన కంబ మని యర్థము. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు గతించిన పిదప అతని పుత్రుడైన వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున అంతఃపుర స్త్రీలు అట్టి స్తంభము నొకదానిని నిలిపిరి. రాజులకే కాదు, సేనానులకును, యుద్ధమున గూలిన భటులకును అవి కలవు. పదునేడు వందల యేండ్లు గడచిన పిదప కెమెరాతో తీసిన బొమ్మకు మన పెద్దలు "ఛాయాచిత్రము" అని పేరు పెట్టిరి. ఈ సంచికలో మనము అచ్చువేయుచున్నవి ఛాయాచిత్రములే కదా! సాధనము మాఱినది, నీడను నిలుపు కోరిక మాఱలేదు, దానికి వాడిన మాటయు మాఱలేదు.

ఆ లోయకే 20వ శతాబ్దిలో బదిలీ యుత్తరువు వచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. లోయ మునుగుట తథ్యమైనందున భారత పురావస్తు శాఖవారు 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యము గారి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిపి, ముఖ్య కట్టడములను కొన్నింటిని ఊడదీసి కొండపై మరల నిలిపిరి. తక్కిన కొన్నింటికి నమూనాలు కట్టిరి. చిక్కిన శిల్పములు అచ్చటి మ్యూజియమును చేరినవి. ఎన్నియో నీటి పాలయ్యెను. కేంద్ర ప్రభుత్వపు ఉద్యోగులు సామాను కట్టుకొనుట మనకు క్రొత్త గాదు; కాని ఒక రాజధాని సామానంతయు కట్టిన ఘనత ఆ శాఖలోని మన సోదరోద్యోగులదే. ఏది కొండపైకి ఎక్కవలెను, ఏది నీటికి వదలవలెను అని నిర్ణయించుటకు వారెంత మథనపడి యుందురో ఇల్లు మాఱిన ప్రతి గృహిణికిని తెలియును.

పల్నాటిసీమలో ఆచార మింకొక తీరు. కారెంపూడిలో 12వ శతాబ్దినాటి యుద్ధమున మరణించిన వీరులకు గుడి కలదు. ప్రతి సంవత్సరము కార్తీక అమావాస్య మొదలు అచ్చట ఉత్సవము జరుగును. వీరుల ఆయుధములకు "కొణతములు" అని పేరు. వంశపారంపర్యముగ వానిని కాపాడువారు నాగులేటిలో స్నానము చేయించి వానిని ఊరేగింతురు. అచ్చటివారికి ఆ కత్తి వీరుని జ్ఞప్తికి తెచ్చు వస్తువు మాత్రమే కాదు, వీరుడే. ఇట్టి వస్తువునకు సామాన్యమైన పేరు చాలదు కావుననే కొణత మను ప్రత్యేకమైన మాట నిలిచియున్నది.

కాకతి రుద్రమదేవి కథ తెలుగు బిడ్డల కెల్ల తెలియును. ఆమె ఎప్పుడు మరణించెనో చెప్పుటకు చిరకాలము ఆధారము లేకపోయెను. నల్లగొండ సీమలోని చందుపట్ల గ్రామమున దొరికిన శాసనము ఆ కొఱత తీర్చినది. అది 1289 నవంబరు 27వ తేదీకి సరిపోవుచున్నది. పువ్వుల ముమ్మడి అను సేవకుడు రుద్రమదేవికిని, సేనాని మల్లికార్జున నాయకునికిని శివలోకప్రాప్తి కలుగవలెనని దేవునికి భూమి నిచ్చి వేయించిన రాయి అది. అతడు చరిత్ర వ్రాయవలెనని తలపలేదు. తనకు చేతనైనంతలో తన దొరల పేర ఒక గురుతు నిలిపెను. మహారాజ్ఞి నిర్యాణకాలమునకు చరిత్రకారులకు దొరికిన ఆధారము ఆ సేవకుని గురుతే.

ఇప్పుడు మన ఇంటి ముంగిటికి వత్తము. చందుపట్ల రాతికి పదుమూడేండ్లు ముందుగా, రుద్రమ ఓరుగల్లున ఏలుచుండగనే, మన ద్వారకకు ఆనుకొనియున్న పాలం గ్రామమున ఉద్ధరుడను ఠక్కురుడు ఒక దిగుడుబావి త్రవ్వించెను. 1276 నాటి దాని సంస్కృత శాసనము ఢిల్లీని "ఢిల్లీ" అనియే పేర్కొన్న ప్రాచీన లేఖనములలో నొకటి. అది బల్బను సుల్తాను కాలము. ఉద్ధరుడు స్థానికుడు కాడు. అతని వంశమువారిది సింధునదీ ప్రాంతపు ఉచ్చానగరము. ఢిల్లీలో ధనము గడించి, పాలములో నీరిచ్చి, ఆ రాతిమీద మాత్రము తన ఊరి పేరును, ఆ సీమలోని నదుల పేర్లను చెక్కించుకొనెను! ఏడు వందల ఏబది యేండ్ల క్రిందట పాలములో నిలిచి ఒక వలసవచ్చినవాడు తన యేటిని తలచుకొన్నాడు. గోదావరిని, కృష్ణను, పెన్నను, మంజీరను తలచుకొనుచు అదే నేలపై నివసించు మనకు ఆతడు పరాయివాడా?

తెలుగువాని గురుతును ఈ నగరమున ఒకటి కలదు. నిజాముద్దీను బస్తీలో ఎనిమిది కోణముల పాత సమాధి యొకటి యున్నది. అది ఫిరోజ్ షా తుగ్లకు ప్రధానమంత్రి ఖాన్-ఇ-జహాన్‌ది. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ఢిల్లీకి తేబడి, మతము మాఱి, మక్బూల్ అను పేరు దాల్చి, అంతటి పదవి కెక్కిన తెలుగువాడు. ఆయన పూర్వము కాకతీయుల కొలువులోని గన్నమ నాయకుడని చరిత్రకారులు నిర్ణయించిరి. పేరు మాఱినది, మతము మాఱినది, భాషయు మాఱియే యుండును. కాని జనులు ఆయన పేరు చివఱ "తిలంగానీ" అను మాటను తగిలించి వదలలేదు. ఆ యొక్క మాటయే ఆయనకు మిగిలిన ఊరు.

ఊళ్ల పేర్లును ఆనవాళ్లే. మన యుపనగరము రూపొందుచున్న తొలినాళ్లలో దీనిని పప్పన్‌కలాన్ పథక మనెడివారు. అది ఇచ్చటి పాత గ్రామము పేరు. పిదప సముద్రమున మునిగిన శ్రీకృష్ణుని పురము జ్ఞాపకార్థమో యనునట్లు ద్వారక యైనది. అయినను విద్యుదుపకేంద్రమున పప్పన్‌కలాన్ అను పేరు నిలిచియే యున్నది. 12వ సెక్టారులోని లోడీల నాటి మెట్లబావిని లోహారెహడి బావలీ అందురు. ఆ ఊరు నేడు లేదు. బావిమీద దాని పేరు మాత్రము మిగిలినది. 2005 డిసెంబరు 31న మెట్రో రైలు ద్వారకకు వచ్చిననాటి నుండి వేలమంది నిత్యము ఈ పేర్ల మీదుగా పోవుచు వచ్చుచున్నారు. పేరు వెనుక ఊరున్నదని తలచువారు కొందఱే.

ఇంతవఱకు చెప్పినది రాజుల సంగతి, రాళ్ల సంగతి. ఇక మా యింటి సంగతి యొకటి చెప్పి ముగింతును; పాఠకులు మన్నింతురు గాక. మా తల్లిగారు కాపురమునకు వచ్చిననాటి రాతి తిరగలి యొకటి మా యింట నుండెడిది. పాతికేండ్ల క్రిందట ఒక బదిలీ సందర్భమున, లారీవాడు బరువునకు వెల చెప్పగా, దానిని ఖాళీచేసిన క్వార్టరు పెరట విడిచి వచ్చితిమి. ఆ నిర్ణయము నాది. అమ్మ ఒక్క మాట యనలేదు. ఇత్తడి మరచెంబు తేలిక కావున వచ్చినది; జాడీలు రెండు వచ్చినవి; కవ్వము ఎక్కడ పోయినదో తెలియదు.

ఇప్పు డామెకు ఎనుబదియారేండ్లు. మేమున్నది ఏ సెక్టారో ఒకప్పుడు చెప్పలేదు. భోజనము చేసిన సంగతి మఱచి మరల అడుగును. మొన్న వేసవిలో మనుమరాలు తెలుగు నేర్చుకొనుచు ఒక పట్టిక బిగ్గఱగా చదువుచుండెను: రోలు, రోకలి, చేట, జల్లెడ, ఉట్టి, కుంపటి, తిరగలి. అమ్మ మంచముమీద లేచి కూర్చుండెను. "తిరగలి పడమటి వసారాలో నుండెడిది, దాని పిడి వేపకఱ్ఱది, మా నాయన చెక్కించినాడు" అనెను. పిదప ఉట్టి యెక్కడ వ్రేలాడెడిదో, ఏ పిల్లి ఎట్లు దూకెడిదో, కందిపప్పు విసరునాడు ఇరుగుపొరుగువా రెవరెవరు వచ్చెడివారో ముప్పావుగంట చెప్పెను. నాకు తెలియని పేర్లు అందులో అయిదు కలవు. నేను విడిచివచ్చినది రాయి. ఆ రాయి చేయవలసిన పనిని దాని పేరు చేసినది.

ఆ నాడు నాకు నన్నయ శకుంతల తలపునకు వచ్చెను. చేత ఉంగరము లేనివారికి వాక్కే సాక్షి. వస్తువు పోయినను దాని పేరున్నంతకాలము తిరిగి చేరుటకు త్రోవ యుండును. పేరును పోయినచో వస్తువు ఎదుట నున్నను అది మూగది. అపార్టుమెంటులలో ఉట్టి లేదు. అయినను "ఉట్టికెగురలేనమ్మ స్వర్గమున కెగురునా" అను సామెత ఉన్నంతవఱకు ఉట్టి యున్నట్లే. మన పెండ్లిండ్లలో పురోహితుడు సంచిలో నొక చిన్న సన్నికల్లు తెచ్చుచున్నాడు. వధువు కాలు మోపు ఆ రాయి ఒకనాడు ఇంటింట పచ్చడి నూఱిన రాయి యని పిల్లలకు చెప్పినచో ఆ తంతు వారికి అర్థమగును.

ఈ పని విలువ నెఱిగినవారు మనకు ముందే కలరు. 1852లో సి. పి. బ్రౌను తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువున కవుల పదములతోపాటు వాడుకలోని మాటలకును చోటిచ్చెను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశము నారంభించి 1962లో వ్యవసాయపదముల సంపుటమును వెలువరించిరి. పిదప చేనేతపదముల సంపుటము వచ్చినది. నాగలికి ఎన్ని భాగములో, మగ్గమునకు ఎన్ని భాగములో, ఏ జిల్లాలో దేనిని ఏమందురో రైతులను, నేతగాండ్రను అడిగి వ్రాసికొనిన పనియది. లోయ మునుగకముందు శిల్పములను కొండ కెక్కించుట యెట్టిదో ఇదియు అట్టిదే.

మన సంఘమున శ్రీకాకుళము వారు కలరు, కర్నూలు వారు కలరు, కరీంనగరము వారు కలరు. 2014 నుండి మన స్వస్థలములు రెండు రాష్ట్రములైనను ఈ పుటలయందు మన భాష యొక్కటే. ఒకే వస్తువునకు మన యిండ్లలో మూడు పేర్లుండవచ్చును, మూడును గురుతులే. కావున నాదొక విన్నపము. ప్రతి కుటుంబమువారును ఇంటిలోని పెద్దలను అడిగి, ఇప్పుడు కనబడని పది వస్తువుల పేర్లను, ఒక్కొక్కదాని వెనుక నున్న రెండు ముక్కల కథను వ్రాసి సంఘమున కిచ్చినచో, రాబోవు సంచికలో నాలుగు పుటలు వానికి కేటాయింపవచ్చును. కార్యవర్గము వారు దీనిని ఆలోచింతురు గాక.

పెద్దలను అడుగుట మాత్రము సంచికకొఱకు ఆగవలసిన పని కాదు. మా అమ్మ చెప్పిన అయిదు పేర్లను ఆ సాయంత్రమే నా మనుమరాలు తన నోటుపుస్తకమున వ్రాసికొనెను. ఆఱవ పేరు మఱునాడు అడిగితిమి. అమ్మకు జ్ఞాపకము రాలేదు.